గిడ్డంగి ఊళ్లు తిరిగి గోడౌనై వచ్చిన వైనం

కిందటేడు ఒక శుక్రవారం సాయంత్రం, అందరూ బ్యాగులు సర్దుకుంటున్న టైములో నా నెత్తిన ఒక బగ్ పడింది. మా టీమ్ చేసేది సరుకు నిలవల లెక్కలు చూసే సాఫ్ట్‌వేరు. ఏ ఊళ్లో ఏ గిడ్డంగిలో ఎన్ని పెట్టెలున్నాయి, ఎన్ని వెళ్లాయి, ఎన్ని వచ్చాయి, ఇదీ దాని పని. (గిడ్డంగి అని ఇప్పుడు రాస్తున్నా గానీ, ఆ రోజు దాకా నేనూ వేర్‌హౌస్ అనేవాణ్ణే.) లెక్క ఒకచోట తేడా వస్తోంది. తవ్వుకుంటూ పోతే డేటాబేసు అడుగున ఒక పాత టేబుల్ దొరికింది. దాని పేరు గుడాంగ్. ఎవరో మనిషి పేరేమో అనుకున్నా. ఆ మాడ్యూలు మొదట రాసింది జకార్తా టీమ్. సోమవారం కాల్‌లో అక్కడి అమ్మాయిని అడిగితే నవ్వేసి, గుడాంగ్ అంటే మా భాషలో గోడౌన్ అని చెప్పింది.

బగ్ ఆ మధ్యాహ్నానికే తేలిపోయింది. మాట మాత్రం తేలలేదు. గుడాంగ్, గోడౌన్, గిడ్డంగి అని మూడూ నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి టైపు చేసి చూసుకున్నా. అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఇందులో పెద్దాడెవరు?

ఇలాంటి ప్రశ్నకి జవాబు వెతికే అర్హత నాకు పెద్దగా లేదని ముందే ఒప్పేసుకుంటున్నా. ఇంటర్లో మార్కులొస్తాయని రెండో భాషగా సంస్కృతం తీసుకున్న బాపతు నేను. అయినా ఈ మాట నన్ను వదలకపోవడానికి ఒక కారణం ఉంది. అది చెప్పాలంటే మా ఊరు వెళ్లాలి.

మాది పామర్రు. బెజవాడ నుంచి బందరు వెళ్లే రోడ్డు మీద వస్తుంది. సెంటర్లో నిలబడితే ఒకవైపు బెజవాడ, ఒకవైపు బందరు, ఇంకోవైపు గుడివాడ, మరోవైపు కూచిపూడి మీదుగా చల్లపల్లి. బస్సు మారడానికి తప్ప మా ఊళ్లో దిగేవాళ్లు తక్కువ. చుట్టూ వరి. వరి ఉన్నచోట రైసుమిల్లు, మిల్లు ఉన్నచోట ధాన్యం బస్తాలు. మా తాతయ్య అలాంటి ఒక మిల్లులో గుమాస్తా. ఎన్ని బస్తాలు దిగాయి, ఎన్ని లారీకెక్కాయి అని లెక్క రాయడం ఆయన పని. నేను ఇవాళ కంప్యూటర్‌తో చేయిస్తున్న పనే ఆయన చెవిలో పెన్సిలు పెట్టుకుని చేసేవాడు. ఆయన నోట ఎప్పుడూ గిడ్డంగే. గిడ్డంగి తాళాలు, గిడ్డంగి తలుపు, గిడ్డంగిలో పందికొక్కులు పడ్డాయి.

నేనప్పుడు ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. స్కూల్లో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైను. ఒకరోజు తాతయ్యకి క్యారేజీ ఇవ్వడానికి మిల్లుకి వెళ్లా. ఎవరో బియ్యం కొనేవాళ్లు వచ్చి ఉన్నారు. "గిడ్డంగిలో సరుకు చూపిస్తా రండి" అన్నాడు తాతయ్య వాళ్లతో. నేను ఊరుకోకుండా, "గిడ్డంగి కాదు తాతయ్యా, గోడౌన్ అనాలి. గిడ్డంగి పల్లెటూరోళ్ల మాట" అన్నాను. అందరూ నవ్వారు. తాతయ్య కూడా నవ్వి, "మావాడిది ఇంగ్లీషు చదువులెండి" అని గొప్పగా చెప్పుకున్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నా. కానీ ఆ తరవాత నా ఎదురుగా ఆయన మళ్లీ గిడ్డంగి అనలేదు. "గోడౌను" అని ఒత్తి పలికి, సరిగ్గా అన్నానా అన్నట్టు నా వంక చూసేవాడు. 2019లో పోయాడు.

అదీ సంగతి. ఇక నిఘంటువులో ఏముందో చూద్దాం.

ఇంగ్లీషులో కలిసిన మన దేశపు మాటల గురించి హాబ్సన్-జాబ్సన్ అని ఒక పెద్ద నిఘంటువు ఉంది. 1886లో వచ్చింది. రాసింది హెన్రీ యూల్, ఎ.సి.బర్నెల్ అనే ఇద్దరు. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన పండితుడు, పుస్తకం అచ్చయ్యేనాటికే, 1882లో చనిపోయాడు. యూల్ బెంగాల్ ఇంజనీర్స్ దళం మనిషి, అంటే మన కులమే, ఇంజనీరు. అసలా పుస్తకం పేరే ఒక వింత. మొహర్రం ఊరేగింపులో జనం "యా హసన్, యా హుసేన్" అని గుండెలు బాదుకుంటుంటే, తెల్ల సిపాయిల చెవులకి అది "హాబ్సన్ జాబ్సన్" అని వినబడిందట. పరాయి మాటని మన నోటికి తగ్గట్టు ఎలా నలగ్గొడతామో చెప్పడానికి అంతకన్నా మంచి పేరు దొరకదు.

అందులో గోడౌన్ దగ్గర ఏం రాశారంటే, ఈ మాట ఇంగ్లీషువాళ్లకి నేరుగా మన దగ్గర్నుంచి కాక తూర్పు దేశాలనుంచి వచ్చింది, మలయ్ భాషలోని గుడాంగ్ నుంచి. ఆ గుడాంగ్ మాత్రం బహుశా తెలుగు గిడంగి, తమిళ కిడంగుల నుంచి పుట్టింది. పోర్చుగీసువాళ్లు 1511లో మలక్కా పట్టుకున్నాక అక్కడి లవంగాలు, జాజికాయలు నింపిన కొట్లని వాళ్ల చరిత్రకారులు దాదాపు ఇదే మాటతో రాసుకున్నారు. వాళ్ల వెనకాల వచ్చిన ఇంగ్లీషువాళ్లు అందుకున్నారు. గో అంటే వెళ్లు, డౌన్ అంటే కిందకి, కిందకి వెళ్లే నేలమాళిగ కాబోలు అని వాళ్లకి వాళ్లే ఒక అర్థం చెప్పుకుని స్పెల్లింగు కూడా అలాగే కుదుర్చుకున్నారు. ఇంగ్లండులో పుట్టి పెరిగినవాడికి ఇవాళ్టికీ ఈ మాట అంతగా తెలియదు. సింగపూరు, హాంకాంగ్ రేవుల్లో మాత్రం స్థిరపడిపోయింది. హాంకాంగ్‌లో పేరులోనే గోడౌన్ అని పెట్టుకున్న పెద్ద రేవు కంపెనీ కూడా 1886లోనే మొదలైంది, హాబ్సన్-జాబ్సన్ అచ్చయిన ఏడే.

గిడ్డంగి తెలుగుదా, తమిళందా అని కొట్టుకోనక్కర్లేదు. రెండూ ఒక కుదురువే. అడుగున ఉన్న అర్థం పడి ఉండటం, సరుకు పడి ఉండే చోటు. మలక్కా రేవులో మన తీరపు వర్తకులకి ఒక పేటే ఉండేది. వాళ్లని అక్కడ కెలింగ్ అనేవాళ్లు, కళింగం నుంచి వచ్చిన పేరు. వాళ్లలో తమిళులే ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. బట్టల మూటలు తీసుకెళ్లారు, వాటిని దాచుకోవడానికి కొట్లు కట్టుకున్నారు, కొట్టుకి పేరు తమదే పెట్టుకున్నారు. మాట అక్కడ దిగబడిపోయింది. కొన్ని వందల ఏళ్ల తరవాత అదే మాట ఇంగ్లీషు టోపీ పెట్టుకుని పామర్రు వస్తే, నేను దాన్ని చూసి మురిసిపోయి, ఇంట్లో ఉన్న అసలు మాటని పల్లెటూరిదన్నాను.

ఇక్కడ నాకొక అనుమానం వచ్చింది. మా ఊరికి కూతవేటులో బందరు ఉంది. డచ్చివాళ్లు 1605-06ల్లో వచ్చి దుకాణం పెట్టారు. ఇంగ్లీషువాళ్లు గ్లోబ్ అనే ఓడలో 1611లో వచ్చి ఫ్యాక్టరీ తెరిచారు. ఫ్యాక్టరీ అంటే అప్పట్లో పొగగొట్టాలుండే కార్ఖానా కాదు, ఏజెంట్లు కూర్చుని సరుకు కొనే కొట్టు. సూరత్‌లో వాళ్ల ఫ్యాక్టరీ నిలదొక్కుకుంది 1613లో. అంటే మన దేశంలో ఇంగ్లీషువాడు ముందుగా కాపరం పెట్టిన చోట్లలో బందరు ఒకటి. అంత ముందు వచ్చి, అంతకాలం ఉన్నవాడి భాషలో తెలుగు మాటలు బోలెడుండాలి కదా. వెతికితే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా గట్టిగా దొరకవు. తమిళం నుంచి కట్టమరం క్యాటమరాన్ అయింది, సురుట్టు చెరూట్ అయింది, మిళగు తణ్ణీరు ముల్లిగటానీ సూపు అయింది. మనవేమయ్యాయి?

నాకు తోచిన కారణాలు చెప్తాను. ఒకటి, బందరులో వ్యాపారం తెలుగులో జరగలేదు. రేవు గోల్కొండ నవాబులది. సర్కారు రాతకోతలు పారసీలో ఉండేవి, కొన్ని ఫర్మానాల్లో పక్కన తెలుగు ఉన్నా సరే. ఓడలవాళ్లతో బేరాలకి పోర్చుగీసు ముక్కలు పనికొచ్చేవి. బందరు అన్న పేరే పారసీ మాట, రేవు అని అర్థం. మధ్యలో మాట కలిపేవాడు దుబాసి. ఆ మాట కూడా హిందుస్తానీదే. రెండు, 1641లో ఇంగ్లీషువాళ్లు కోరమాండల్ తీరానికి పెద్దాఫీసుని బందరు నుంచి మద్రాసుకి మార్చేశారు. వంటవాడు, పడవవాడు, బండివాడు, ఆయా, దొరల చుట్టూ తిరిగే మనుషుల్లో తమిళులు ఎక్కువయ్యారు. హెడ్డాఫీసు ఎక్కడుంటే ఆ ఊరి యాసే కంపెనీకంతా అంటుకుంటుంది, ఇది మన ఫీల్డులో ఉన్నవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడోది నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది. బందరు బట్ట సంగతే తీసుకోండి. నూలు నేసింది ఇక్కడివాళ్లు. అద్దకం ఇక్కడిది. ఆ మాసిపోని ఎరుపు, మన తీరపు ఇసక నేలల్లో దొరికే చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసింది. ఆ బట్ట కోసం యూరపులో జనం ఎగబడ్డారు. ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, చాలక 1721లో ఇంకో చట్టం చేసింది. అంతమందిని ఊపేసిన ఆ బట్టకి ఇంగ్లీషులో పేరు చింట్జ్. అది హిందీ ఛీంట్ నుంచి వచ్చింది. ఇంకో రకం క్యాలికో, అది కాలికట్ ఊరిపేరు. నేసినవాడి మాట, అద్దినవాడి మాట ఓడెక్కలేదు. బేరమాడినవాడి మాట ఎక్కింది. చిరివేరు కూడా వర్తకుల లెడ్జర్లలో తమిళ సాయవేరు పోలికతో చాయ్‌రూట్ అయి, ఆ రంగుతోపాటే మరుగున పడింది. కోడ్ రాసినవాడి పేరు ఎక్కడా కనపడదు, డెమో ఇచ్చినవాడి పేరు అందరికీ తెలుస్తుంది. నాలుగొందల ఏళ్లనించీ ఇదే తంతన్నమాట.

మరి ఇన్ని అడ్డాలు దాటి ఇంగ్లీషులోకి వెళ్లిన అచ్చమైన తెలుగు మాట ఏదయ్యా అంటే, పందికొక్కు. నవ్వకండి. ఏ పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తిరగేసినా బ్యాండికూట్ దగ్గర తెలుగు పందికొక్కు నుంచి అని కుండబద్దలు కొట్టి రాసి ఉంటుంది. పందిలా నేల తవ్వుతుంది, పందిలా గురగురలాడుతుంది, కనక పంది కొక్కు. గిడ్డంగిలో బస్తాలు కొట్టేస్తుంది, పొలం గట్లకి బొరియలు పెట్టి నీళ్లన్నీ కార్చేస్తుంది, వరి కంకులు కొరికి కన్నంలో దాచుకుంటుంది. డెల్టా రైతుకి దీనితో ఉన్న పరిచయం దొరలక్కూడా అయినట్టుంది. మాట 18వ శతాబ్దం చివరికే ఇంగ్లీషు రాతల్లోకి ఎక్కింది. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే శాస్త్రవేత్త ఈ ఎలకల ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టడంతో మా పందికొక్కు జంతుశాస్త్రంలో పర్మనెంటైపోయింది.

అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియా వెళ్లిన ఇంగ్లీషువాళ్లు అక్కడ పొడుగు మూతితో నేల తవ్వే ఒక జంతువుని చూసి, అచ్చం ఇండియాలో చూసినట్టే ఉందని దానికీ అదే పేరు తగిలించారు. నిజానికి దానికీ ఎలకకీ చుట్టరికం లేదు, కంగారూలాగా పిల్లని సంచిలో మోసే జాతి. ఆస్ట్రేలియా వాడుకలో బ్యాండికూట్ అనేది ఒక క్రియ కూడా. పక్కవాడి దొడ్లో ఆలుగడ్డ మొక్క పైన ఆకులు కదలకుండా, అడుగున గడ్డలు మాత్రం తవ్వుకుపోవడాన్ని అలా అంటారు. మనం లంచగొండుల్ని పందికొక్కుల్లా తినేస్తున్నారు అంటామే, ఇంచుమించు అదే అర్థం. సముద్రాలు దాటినా బుద్ధి మారలేదు. ఆ తరవాత 1996లో ప్లేస్టేషన్‌లో క్రాష్ బ్యాండికూట్ వచ్చింది. మా తరంలో ఆ గేము ఆడినవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ హీరో ఇంటిపేరు మన గిడ్డంగి పురుగుది. మన పక్కనే కేరళలో 2018లో మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే రోబో తయారుచేసి దానికీ బ్యాండికూట్ అనే పేరు పెట్టారు. మనిషిని ఆ గోతిలోకి దింపకుండా తను దిగే యంత్రం. పందికొక్కు జాతి చేసిన పాపాలన్నీ అక్కడ కొట్టుకుపోయినట్టే.

ముంగిసకి ఇంత స్పష్టమైన పట్టా లేదు. హాబ్సన్-జాబ్సన్ మాంగూస్‌ని తెలుగు మాటే అంది. ఇప్పటి నిఘంటువులు మరాఠీ మంగూస్ నుంచి పోర్చుగీసు మీదుగా వెళ్లిందని, మరాఠీకి ఆ మాట ద్రావిడ భాషలనుంచి వచ్చిందని చెబుతూ తెలుగు ముంగిసని పక్కన చూపిస్తాయి. కెంపు, నీలం రెండూ ఏ ఖనిజమో ఆ కోరండమ్ కూడా ఇంతే. తమిళ కురుందం, తెలుగు కురువిందం, సంస్కృత కురువింద, ముగ్గురూ హక్కుదారులే. వీటిని ఉమ్మడి ఆస్తి కింద రాసుకోవాలి.

ఊరిపేరు మామూలు నామవాచకం అయిపోయిన ముచ్చట ఇంకోటి ఉంది. గోల్కొండ. గొల్లకొండ అంటే గొల్లవాళ్ల కొండ. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో వజ్రాలు దొరికితే, అవి గోల్కొండ బజారు చేరి అక్కణ్ణుంచి లోకమంతా వెళ్లాయి. దాంతో ఇంగ్లీషులో గోల్కొండ అంటే తరగని సంపద, నిధి అనే అర్థం వచ్చేసింది. అమెరికాలో ఇల్లినాయిలో ఒక గోల్కొండ, నెవాడాలో ఒక గోల్కొండ ఉన్నాయి. వజ్రం తవ్వినవాడు కొల్లూరు వాడు, పేరు మాత్రం బజారుది. మళ్లీ చింట్జ్ కథే.

అన్నట్టు, లైనక్స్ వాడేవాళ్లకి జెంటూ తెలిసే ఉంటుంది. ప్రతిదీ సొంతంగా కంపైల్ చేసుకోవాల్సిన ఆ డిస్ట్రిబ్యూషన్ 2002లో ఒకటో వెర్షనుగా వచ్చింది. నీళ్లలో అన్నిటికన్నా వేగంగా ఈదే జెంటూ పెంగ్విన్ పేరు దానికి పెట్టారు. కానీ జెంటూ అన్న మాట పెంగ్విన్‌కన్నా పాతది. అన్యమతస్థుడు అని చెప్పడానికి పోర్చుగీసువాళ్లు జెంటియో అనేవాళ్లు. దాన్ని ఇంగ్లీషువాళ్లు జెంటూ చేసి హిందువులందరికీ తగిలించారు. హాల్హెడ్ 1776లో అచ్చువేసిన జెంటూ చట్టాల పుస్తకంలో జెంటూలంటే హిందువులే. మద్రాసులో మాత్రం ఆ మాట ఇంకాస్త ఇరుకై, తెలుగువాళ్ల మీద, తెలుగు భాష మీద వాలింది. తమిళాన్నేమో మలబారు అనేవాళ్లు. 1816లో ఎ.డి.క్యాంప్‌బెల్ మద్రాసులో తెలుగు వ్యాకరణం ఒకటి ఇంగ్లీషులో అచ్చువేస్తే, తెలుగు, అంటే మామూలుగా జెంటూ అనబడే భాష అని పుస్తకం పేరులోనే చెప్పుకోవాల్సి వచ్చింది. పెంగ్విన్‌కి ఆ పేరెందుకొచ్చిందంటే, తలమీది తెల్ల పట్టీ తలపాగాలా ఉందని అలా పిలిచారని ఒక వాదన ఉంది. నిఘంటువులు దాన్ని ఖాయం చెయ్యలేదు. అది నిజమైనా కాకపోయినా, మన భాషకి ఒకప్పుడున్న పేరుని ఇవాళ సర్వర్ల మీద ఇన్‌స్టాల్ చేస్తున్నామన్నది మాత్రం నిజం.

ఆ క్యాంప్‌బెల్ పుస్తకంలోనే ఇంకో గొప్ప సంగతి ఉంది. ఎఫ్.డబ్ల్యు.ఎల్లిస్ అనే మద్రాసు కలెక్టరు దానికి ముందుమాటగా ఒక పెద్ద వ్యాసం రాశాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావు, వీటి ధాతువులు వేరు, ఇది వేరే కుటుంబం అని అందులో పట్టికలు వేసి మరీ చూపించాడు. కాల్డ్వెల్ పుస్తకం 1856లో వచ్చింది, అంటే దానికి నలభై ఏళ్ల ముందే. తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు ఒక కుదురువి అని నేనింత ధీమాగా పైన రాశానంటే, ఆ దారి వేసినవాళ్లలో ఆయనొకడు.

ఇప్పుడు ఒక చేదు మందు కూడా మింగాలి. మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇంగ్లీషులో తెలుగు పదాలు అని ఒక లిస్టు తిరుగుతూ ఉంటుంది. అందులో మస్లిన్ బట్ట పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని ఉంటుంది. వినడానికి చాలా బావుంటుంది. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడి పుస్తకం పెరిప్లస్‌లో మన తీరానికి మసాలియా అని పేరు, అక్కడ సన్నబట్టలు విస్తారంగా నేస్తారని మాట, రెండూ ఉన్నాయి. టోలెమీ మైసోలోస్ అన్న నది కృష్ణే అంటారు. నేనూ మనదే అని ఎగిరి గంతేద్దామనుకున్నా. కానీ నిఘంటువులు చూపించే దారి వేరు. ఫ్రెంచి మూస్లీన్, దానికి ముందు ఇటాలియన్ ముస్సొలీనా, దానికి ముందు ఇరాక్‌లోని మోసుల్ పట్నం. ఒక్కో మెట్టుకీ రాతలో సాక్ష్యం ఉంది. మన దారికి పోలిక తప్ప మెట్లు లేవు. స్టాక్ ట్రేస్ లేకుండా బగ్ ఫలానా చోటుందని వాదించేవాడి మాట మనం ఆఫీసులో వింటామా? ఇక్కడా వినకూడదు. దొంగ పట్టాలు నాలుగు చేరిస్తే నిజంగా ఉన్న పందికొక్కు పట్టాని కూడా ఎవడూ నమ్మడు.

పైగా మనం అప్పు ఇచ్చిందానికన్నా తెచ్చుకున్నది చాలా ఎక్కువ. దానికేం సిగ్గుపడక్కర్లేదు. వేలంపాటలో వేలం పోర్చుగీసు. ఇస్త్రీ పోర్చుగీసు. మేస్త్రి, అల్మారా, పాదిరి, అనాస, బొప్పాయి, అన్నీ ఆ ఓడల్లోంచి దిగినవే. మా అమ్మమ్మ కక్కూసు అనేది, ఆ మాట డచ్చివాళ్లదంటారు. మరుగుదొడ్డి అని వాళ్ల భాషలోనూ దాని అర్థం. జిల్లా, వకీలు, దస్తావేజు అరబ్బీ, పారసీల నుంచి వచ్చాయి. 1852లో పెద్ద తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేసిన సి.పి.బ్రౌన్, మన రాతకోతల్లో నలిగే ఈ పరాయి మాటలన్నిటికీ 1854లో విడిగా మిశ్రభాషా నిఘంటువే తయారుచేశాడు. బ్రౌను బందరులో కూడా ఉద్యోగం చేసిన మనిషి. ఇవి మన మాటలు కావు అని ఆయన వాటిని అవతల పారెయ్యలేదు. జనం వాడుతున్నారు కనక అర్థం తెలియాలి అనుకున్నాడు.

అందుకే, బస్సుని బస్సు అనకూడదు, కంప్యూటర్‌కి తెలుగు మాట పుట్టించాల్సిందే అని పట్టుబట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఈ వ్యాసంలోనే ఎన్ని ఇంగ్లీషు మాటలు రాశానో మీరు చూస్తూనే ఉన్నారు. లేని వస్తువుతో వచ్చిన మాట వస్తే రానివ్వండి. అనాసపండుకి అనాస అనే పేరు రాకపోతే మరేం పిలుచుకునేవాళ్లం? తంటా అక్కడ లేదు. వస్తువు మనదగ్గరే ఉంది, మాటా ఉంది, ఆ మాట రోజూ అంటున్న మనిషీ ఎదురుగా ఉన్నాడు. అలాంటప్పుడు ఆ మాట అనడం తప్పని ఆ మనిషికి అనిపించేలా చేశామే, అక్కడుంది. ఇంగ్లీషువాడు వచ్చి మా తాతయ్య నోట్లోంచి గిడ్డంగిని లాక్కోలేదు. ఆ పని ఆరో తరగతి చదివే మనవడు చేశాడు. రూపాయి ఫైను స్కూలు నాకు వేసింది, నేను దాన్ని తీసుకెళ్లి ఆయనకి వేశాను.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఈ కథంతా అమ్మకి చెప్పా. గుడాంగ్, మలక్కా, హాంకాంగ్, అన్నీ. ఆవిడ సగం వింటూ అరిసెలు వత్తుతోంది. అంతా అయ్యాక, "నువ్వు లేనప్పుడు మీ తాతయ్య గిడ్డంగనే అనేవాడురా. నువ్వు సెలవలకి వస్తున్నావంటే మాత్రం ఒరేయ్ జాగ్రత్త, గోడౌన్ అనాలి అని మిల్లులో హమాలీలకి కూడా చెప్పేవాడంట" అంది. చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం మిల్లు వైపు నడిచి వెళ్లాను. యజమానులు మారారు, షెడ్డుకి కొత్త రేకులు వేశారు. తలుపు మీద పెద్దక్షరాలతో గోడౌన్ నంబర్ రెండు అని రాసి ఉంది, తెలుగు లిపిలోనే. లోపల బస్తాలు మోస్తున్న పెద్దాయన్ని పలకరించి, తాతయ్య పేరు చెప్పి, "బాబాయ్, దీన్ని మీరేమంటారు?" అని అడిగాను. ఆయన నా ప్యాంటూ షర్టూ వంక ఒకసారి చూసి, "గోడౌను సార్" అన్నాడు.

"గిడ్డంగి అనరా?"

"మాలో మాకు గిడ్డంగేనండి" అన్నాడు.

ఆఫీసుకి తిరిగొచ్చాక మా కొత్త మాడ్యూల్లో ఒక టేబుల్‌కి పేరు పెట్టాల్సి వచ్చింది. గిడ్డంగి అని పెట్టాను. రివ్యూలో ఢిల్లీ కుర్రాడు ఇదేంటని అడిగాడు. గుడాంగ్ వాళ్ల అన్న అని చెప్పా. జకార్తా అమ్మాయి మాత్రం ఏమీ అడక్కుండానే అప్రూవ్ కొట్టింది.